మీ పేరు మీదే ఆమోదించారు

మీ మున్సిపల్ కౌన్సిల్ కిందటి సమావేశం ఏ రోజు జరిగింది?

తెలియదు.

అందులో ఎన్ని అంశాలు పెట్టారు? ఎంత డబ్బు ఖర్చుకు ఒప్పుకున్నారు? మీ వీధి పేరు అందులో వచ్చిందా? మీ కౌన్సిలరు నోరు తెరిచారా, చెయ్యెత్తి ఊరుకున్నారా?

అదీ తెలియదు.

పోనీ, మీ వార్డు నంబరు ఎంత?

దానికీ పాత ఓటరు స్లిప్పు వెతుక్కోవాలి. మీ హీరో సినిమాకు మొదటి రోజు ఏ జిల్లాలో ఎంత వసూలైందో నోటికొచ్చు. అసెంబ్లీలో ఎవరు ఎవరిని ఏమని తిట్టారో వీడియో ముక్కలు రోజుకు పది పంపుకుంటారు. అమెరికాలో ఎవరు గెలిస్తే మన వీసాలకు ఏమవుతుందో అరుగు మీద కూర్చుని తేల్చేస్తారు. మీ ఇంటి ముందు కాలువలో పూడిక తీసినందుకు ఎంత బిల్లయిందో మాత్రం తెలియదు. పూడిక అలాగే ఉంది. పొద్దున్నే గేటు తీయగానే ముక్కు మూసుకుంటున్నారు. ముక్కు మూసుకోవడం తెలిసిన మీకు బిల్లు అడగడం ఎందుకు తెలియలేదు?

సిగ్గుగా లేదా?

ఇందులో రహస్యం ఏమీ లేదు. పట్టపగలు, మున్సిపల్ ఆఫీసు మీటింగు హాల్లో, ఫ్యాన్ల కింద, టీలు తాగుతూ జరిగే పని ఇది. ఎజెండా అచ్చవుతుంది. కౌన్సిలర్లకు పంచుతారు. గుమాస్తా లేచి అంశం నంబరు చదువుతాడు. చైర్‌పర్సన్ ‘ఆమోదం’ అంటారు. బల్లల మీద నాలుగు చేతులు చప్పుడు చేస్తాయి. తర్వాతి నంబరు. మళ్లీ ఆమోదం. మళ్లీ చప్పుడు. పదుల కొద్దీ అంశాలు గంట తిరక్కుండా అయిపోయిన సమావేశాలు ఏ పట్టణంలో జరగలేదు? మర్నాడు జిల్లా పేజీలో ఒక మూల రెండు వాక్యాలు వస్తాయి. ఎజెండాలోని అంశాలన్నింటికీ కౌన్సిల్ ఏకగ్రీవ ఆమోదం అని. ఎవరైనా గొంతు పెంచితే ‘రసాభాస’ అని. ఏ అంశం మీద రసాభాస? ఎంత డబ్బు మీద? అది రాయరు.

మీరూ అడగరు.

ఎజెండాలో లేని అంశాలు అప్పటికప్పుడు బల్ల మీదికి వస్తాయి. టేబుల్ ఎజెండా అంటారు వాటిని. చదవడానికి వ్యవధి ఉండకూడదనే వాటిని అప్పుడు తెస్తారు. ఇంకో రకం ఉంది. పని ముందే అయిపోయి ఉంటుంది. డబ్బు ముందే ఖర్చయి ఉంటుంది. చైర్‌పర్సన్ ముందస్తు అనుమతి తీసుకున్నాం, ఇప్పుడు కౌన్సిల్ ర్యాటిఫై చేస్తే చాలు అంటారు. ఎందుకు అంత తొందర? అత్యవసరమట. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్లు అత్యవసరం. వానాకాలంలో కాలువల పూడిక అత్యవసరం. ఎండాకాలం ఏటా వస్తుంది. వానాకాలం ఏటా వస్తుంది. ఏటా వచ్చేది అత్యవసరం ఎలా అవుతుంది?

ఈ చిన్న ప్రశ్న అడగడానికి చదువు కావాలా? డిగ్రీలు కావాలా?

నోరు కావాలి. అంతే.

వినండి. ఊపిరి తీసుకోకుండా చెబుతాను, మధ్యలో లేచి వెళ్లకండి: కిందటేడు పోసిన సిమెంటు రోడ్డు మీదే ఈ ఏడు మళ్లీ ఎస్టిమేటు వేయడం, టెండరు పిలవాల్సిన ఒకే పనిని ముక్కలు ముక్కలుగా కోసి నామినేషన్ మీద కావలసినవాళ్లకు పంచిపెట్టడం, కొలతల పుస్తకంలో రాసిన మందం రోడ్డు మీద లేకపోవడం, పైపులైను కోసం తవ్విన గుంత పూడ్చకుండా వదిలేస్తే అందులో పడి తుంటి విరిగిన ముసలమ్మను పలకరించే దిక్కు లేకపోవడం, బ్లీచింగ్ పౌడరు బస్తాల బిల్లు వచ్చినా బ్లీచింగ్ వాసన రాకపోవడం, దోమల పొగమిషను స్టోరు గదిలో తుప్పు పడుతుంటే దాని డీజిలు ఖర్చు నెలనెలా రాసుకోవడం, మున్సిపల్ షాపింగ్ కాంప్లెక్సులో బజారు ధరకు ఎక్కడా పొంతన లేని అద్దెకు ఏళ్ల తరబడి అవే చేతుల్లో ఉన్న గదులకు మళ్లీ లీజు పొడిగించడం, బుట్టలో నాలుగు ఆకుకూర కట్టలు పెట్టుకుని ఎండలో కూర్చున్న ఆడమనిషి దగ్గర మాత్రం రసీదు మీద ఉన్నదానికి రెట్టింపు ఆశీలు గుంజడం, లేఅవుటులో పార్కు కోసం వదలాల్సిన పది శాతం స్థలం ప్లాట్లయిపోయి రిజిస్ట్రేషన్లు జరిగిపోవడం, చెరువు శిఖంలో లేచిన ఇంటికి నంబరు ఇచ్చి పన్ను వేసి కుళాయి బిగించి తీరా వాన వచ్చి మునిగితే ఆక్రమణ అనడం, ఊరందరి చెత్తనూ పేదల కాలనీ పక్కన గుట్టపోసి దానికి నిప్పు పెట్టడం, ఆ పొగ పీలుస్తూ పసిపిల్లలు దగ్గుతుంటే డాక్టర్లు మందు మార్చి మార్చి రాయడం, మంచినీళ్ల పైపు మురుగుకాలువ లోంచే వెళ్తోందని వీధిలో అందరికీ తెలిసినా ఏళ్ల తరబడి దాన్ని పక్కకు జరపకపోవడం, శ్మశానానికి దారి లేక శవాన్ని మోకాలి లోతు నీళ్లలో మోసుకుపోవడం, మహిళకు దక్కిన కుర్చీలో ఆమె కూర్చుంటే ఫైళ్లు చూసేదీ మాట చెప్పేదీ ఆమె భర్త కావడం, స్వచ్ఛ సర్వేక్షణ్ బృందం వస్తోందనగానే గోడలకు రంగులు పడి వాళ్ల బండి ఊరు దాటగానే అదే గోడ కింద మళ్లీ చెత్త పడటం, బిడ్డ పుట్టిన ధ్రువపత్రంలో ఒక్క అక్షరం దిద్దడానికి కూలి పోగొట్టుకుని తల్లి మూడుసార్లు తిరగడం, ఆడిట్ వాళ్లు రాసిన అభ్యంతరాలకు ఏళ్లు గడిచినా జవాబు రాసేవాడు లేకపోవడం, ఇవన్నీ, ఇవన్నీ ఆ హాల్లోంచే వెళ్లాయి, ఆ బల్లల ముందునుంచే వెళ్లాయి, కొన్ని చేతులెత్తితే వెళ్లాయి, కొన్ని ఎవరూ చెయ్యెత్తి ఆపకపోతే వెళ్లాయి.

ఇందులో మీకు తెలియనిది ఒక్కటి చెప్పండి.

లేదు కదా?

నా కోపమంతా అదే. మీకు తెలియక ఊరుకోలేదు. తెలిసీ ఊరుకున్నారు.

మీరేమంటారో నాకు తెలుసు. మున్సిపాలిటీ దగ్గర డబ్బుల్లేవండీ, వాళ్లు మాత్రం ఏం చేస్తారు అంటారు. ఆఫీసులో వాళ్లు చెప్పాల్సిన సాకు మీరే ముందుగా చెప్పేస్తారు. ఆ సాకు చెల్లదని తేలి నలభై ఏళ్లు దాటింది, తెలుసా?

మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే పట్టణం ఉంది. అక్కడ న్యూ రోడ్ అనే వీధి. తెరిచి పెట్టిన మురుగుకాలువలు. దగ్గర్లోని ఆల్కహాల్ ఫ్యాక్టరీ వదిలే కంపు నీళ్లు. మరుగుదొడ్లు లేక పేదలు ఆ వీధి పక్కనే కూర్చోవలసిన దుస్థితి. దోమలు. ఆ వీధి జనం పెద్ద నాయకులేం కాదు. మీలాంటి వాళ్లే. అయితే వాళ్లు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను కింద అర్జీ పెట్టారు. మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోయింది. మా దగ్గర డబ్బుల్లేవు అని వాదించింది. 1980 జూలైలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. డబ్బుల్లేవన్న కారణం చూపి జనాన్ని మురుగులో బతకమనే హక్కు మున్సిపాలిటీకి లేదని తేల్చారు. కాలువలు కట్టండి, మరుగుదొడ్లు కట్టండి, దోమలను అరికట్టండి అని గడువు పెట్టి మరీ ఆదేశించారు.

ఆ సెక్షను ఇప్పటికీ బతికే ఉంది. కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 152వ సెక్షను.

రత్లాం వాళ్లకున్న కాలువే మీకూ ఉంది. అదే కంపు. అవే దోమలు. వాళ్లకొచ్చిన కోపం మీకెందుకు రాదు?

అసలు డబ్బుల్లేవని మీకెవరు చెప్పారు? లెక్క చూశారా? 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ మాత్రమే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. మీ ఊరికి ఎంత వచ్చింది? ఏ వార్డులో ఏ పైపు మార్చారు? ఎప్పుడైనా అడిగారా?

ఇంకోటి అడుగుతాను. మీరు కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుందని తెలుసా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం అది. మున్సిపాలిటీ మీ దగ్గర వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. మీ దగ్గర వసూలు మాత్రం ఆగదు. అక్కడ కట్టడం దగ్గరే ఆగుతుంది. బకాయిలు కోట్లలో పేరుకున్న పట్టణాలున్నాయి. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు లైబ్రరీలో కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చుంటున్నారు. వాళ్లకు కుర్చీ కొనమని మీరు డబ్బిచ్చారు. రసీదు కూడా మీ బీరువాలోనే ఉంది.

ఆ డబ్బు ఏదని అడిగారా?

అడగరు. మీ అబ్బాయి హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉన్నాడు. మెట్ల మీద కూర్చున్నవాడు మీవాడు కాదు.

అసలు జబ్బు ఇక్కడుంది. మీకు అన్నిటికీ పక్కదారి ఉంది. కుళాయి నీళ్లు బాగుండవు, ఇరవై లీటర్ల క్యాను వేయించుకుంటారు. దోమలు కుడతాయి, తలుపులకు జాలీలు కొట్టిస్తారు. రోడ్డు పాడవుతుంది, పెద్ద కారు కొంటారు. వీధి దీపం వెలగదు, గేటు మీద మీ సొంత లైటు పెట్టుకుంటారు. పన్ను కట్టిన ప్రతి సేవకూ మళ్లీ డబ్బు పెట్టి సొంత ఏర్పాటు చేసుకుని, ఇక మున్సిపాలిటీతో మనకేం పని అంటారు. మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఏ నీళ్లు తాగుతుందో ఎప్పుడైనా అడిగారా? ఆమె వీధికి ట్యాంకరు ఎన్ని రోజులకోసారి వస్తుందో తెలుసా? డంపింగ్ యార్డు ఎమ్మెల్యే ఇంటి పక్కన ఎక్కడైనా చూశారా?

2018 మార్చిలో గుంటూరులో ఏం జరిగిందో గుర్తుందా?

గుర్తుండదు. మీ క్యాను నీళ్లు బాగానే ఉన్నాయి.

ఆనందపేటలో, పాత గుంటూరులో కుళాయి తిప్పితే మురుగు కలిసిన నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లే తాగారు. వేరే నీళ్లు లేవు. ఇళ్లకు ఇళ్లే వాంతులు, విరేచనాలతో పెద్దాసుపత్రికి చేరాయి. మనుషులు చనిపోయారు. యుద్ధం రాలేదు, తుఫాను రాలేదు. పొద్దున్నే బిందె పెట్టి పట్టుకున్న నీళ్లకు చనిపోయారు. ఆ రోజుకు ఆ నగరంలో ఎన్నికైన కౌన్సిల్ లేదు. 2010లో గడువు తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. మధ్యలో పదకొండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. మా కుళాయిలో కంపు వస్తోందని వెళ్లి చొక్కా పట్టుకోవడానికి వార్డుకొక మనిషి లేడు.

పదకొండేళ్లు!

పంచాయతీకి సర్పంచి లేకపోతే పల్లెటూరు గోల చేస్తుంది. ఎమ్మెల్యే సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఉప ఎన్నిక రావాలని టీవీల ముందు కూర్చుంటారు. అంత పెద్ద నగరానికి పదకొండేళ్లు కౌన్సిల్ లేకపోతే ఎవరికి నిద్ర పట్టలేదు?

1993 జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. కౌన్సిల్ గడువు ఐదేళ్లు, అది తీరకముందే కొత్త ఎన్నికలు అయిపోవాలని 243యు అధికరణం చెప్పింది. 2006లో సుప్రీంకోర్టు కిషన్ సింగ్ తోమర్ కేసులో అదే మాట గట్టిగా చెప్పింది. ఎవరు విన్నారు? ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2019 జూలైలో తీరింది. ఓటు వేసింది 2021 మార్చిలో. కోవిడ్ అన్నారు. 2019 జూలైలో కోవిడ్ ఉందా? తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2025 జనవరిలో తీరింది. గడువు తీరకముందు ఎన్నికలు లేవు. అక్కడా ప్రత్యేకాధికారులే వచ్చి కూర్చున్నారు. ఏ పార్టీ ప్రభుత్వమన్నది ఇక్కడ లెక్క కాదు. రంగు మారింది, అలవాటు మారలేదు. ఎందుకు మారుతుంది? ఎన్నికలు పెట్టకపోతే రోడ్డెక్కే జనం లేరని వాళ్లకు తెలుసు.

కౌన్సిల్ ఉంటే మాత్రం ఏం ఒరిగింది అంటారా? అనండి. అన్నాక ఇది కూడా వినండి. కౌన్సిల్ ఉంటే వారానికోసారి మీ వీధి చివర కనిపించే మనిషి ఒకరుంటారు. రేపు మళ్లీ ఓటడగాలి గనక ఆ మనిషి మీకు జవాబు చెప్పాలి. ఆ మనిషిని మీరు ఏనాడూ జవాబు అడగలేదు. మీ ఇంట్లో పెళ్లికి పిలిచారు. రేషను కార్డు కోసం సిఫారసు అడిగారు. పింఛను కోసం ఫోను చేశారు. మొన్న సమావేశంలో ఆ అంశానికి ఎందుకు చెయ్యెత్తావయ్యా అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అడిగారా?

తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, ఊరి పెద్దమనుషులకు ఒకటి. ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మీ వార్డులో ఆ 60 మంది ఎవరు? ఎప్పుడు కూర్చున్నారు? ఏం తీర్మానించారు? మీ పేరు కూడా ఆ జాబితాలో ఉందేమో చూసుకున్నారా?

చెత్త ఊడ్చే మనుషుల సంగతికి వద్దాం.

2023 డిసెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. జీతం పెంచండి, ఉద్యోగ భద్రత ఇవ్వండి, మా పని గుర్తించండి అన్నారు. చెత్త వీధుల్లో పేరుకుంది. అప్పుడు మీరేమన్నారు? కంపు కొడుతోంది అన్నారు. పండగ ముందు ఇదేం ఖర్మ అన్నారు. కోవిడ్‌లో మీ గుమ్మం ముందు చెత్త ఎత్తినప్పుడు ఇదే మనుషులకు చప్పట్లు కొట్టారు. దండలు వేసి ఫొటోలు దిగారు. వాళ్లు జీతం అడిగినరోజు ఒక్కరైనా ఆ సమ్మె టెంటు దగ్గరికి వెళ్లి నిలబడ్డారా?

మీ చెత్త ఎత్తడానికి వాళ్లు కావాలి. వాళ్ల కష్టం మీకక్కర్లేదు.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగులో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల రూపాయలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. పెంచాల్సి వచ్చిందంటే అర్థమేమిటి? ఇంకా దింపుతున్నారు. ఇంకా చస్తున్నారు. కోలారు బంగారు గనుల కాలనీలో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ ఘోరం ఆపండని దశాబ్దాలుగా దేశమంతా తిరుగుతున్నారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వస్తే తెలుగువాడని పొంగిపోయారు. మరి మీ మున్సిపాలిటీ ఎజెండాలో కార్మికుల గ్లౌజులు, బూట్లు, సబ్బులు, కొబ్బరినూనె కొనుగోలు అంశం వచ్చిందా? వస్తే అవి వాళ్ల చేతికి అందాయా? రేపు పొద్దున మీ వీధికొచ్చే మనిషి చేతులు చూడండి. గ్లౌజులున్నాయా? జవాబు మీ గుమ్మం ముందే నిలబడి ఉంటుంది.

మనవాళ్లు ఎప్పుడూ ఇంతే అని మాత్రం అనకండి. అబద్ధం అది.

నూరేళ్ల కిందట మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసింది. ఏడాదికి 4 వేలున్న పన్ను 40 వేలవుతుందని ఆ ఊరి జనం లెక్క కట్టారు. ఎవరు వాళ్లు? ఎక్కువమంది మగ్గం మీద బతికే నేతగాళ్లు, చిన్న రైతులు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందు నిలబడ్డారు. పన్ను కట్టం అన్నారు. జైలుకు వెళ్లారు. అలా వెళ్లినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉన్నారు. అప్పటికీ సర్కారు దిగిరాకపోతే 1921లో జనం ఏం చేశారో తెలుసా? ఊరు ఖాళీ చేశారు. ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్నీ ముసలివాళ్లనూ వెంటబెట్టుకుని, ఊరవతల పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని 11 నెలలున్నారు. ఎండకు ఎండారు. వానకు తడిశారు. ఊళ్లో మున్సిపాలిటీ ఉంది, దానికి మనుషులు లేరు.

వాళ్లకు ఫోన్లు లేవు. సమాచార హక్కు లేదు. చాలామందికి ఓటే లేదు.

లెక్క మాత్రం తెలుసు. తమ ఊరి మీద పడే ప్రతి రూపాయి లెక్క తెలుసు.

ఆ కథ మీరు స్కూల్లో చదివారు. పరీక్షలో నాలుగు మార్కులకు రాశారు. ఊరు వదలమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కమంటున్నాను. అదీ కష్టమేనా?

మీకు గొంతు లేదంటే నేనొప్పుకోను. 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటింటికీ చెత్త పన్ను వేశారు. అప్పుడు మీ గొంతు లేచింది. వీధి మొదట్లో వలంటీరును నిలదీశారు, కట్టం పొమ్మన్నారు, ఎన్నికల్లో అదొక పెద్ద మాటయింది, 2024లో దాన్ని ఎత్తేశారు. అదే 2021లో ఇంటి పన్ను లెక్క కూడా మారింది. అద్దె విలువను బట్టి వేసే పన్ను పోయి ఆస్తి విలువను బట్టి వేసే పన్ను వచ్చింది. ఏటా 15 శాతానికి మించకుండా పెంచుకుంటూ పోయే ఏర్పాటు. చెత్త పన్ను మీద అరిచిన గొంతుల్లో ఎన్ని దీని మీద చివరిదాకా నిలబడ్డాయి? మీ జేబును పైకి కనిపించేలా తాకితే అరుస్తారు. కనిపించకుండా తాకితే పడుకుంటారు. పక్కవాడి ప్రాణాన్ని తాకితే అసలు కదలరు.

టైం లేదంటారా? కిందటి నెల ఒక పెళ్లిలో భోజనాల వరుస కోసం ఎంతసేపు నిలబడ్డారు? ఒక పూట చాలు.

భయమంటారా? ఆ మాట ఒప్పుకుంటాను. కాంట్రాక్టరు మీ కౌన్సిలరు బంధువు. మీ ఇంటి ప్లాను ఫైలు వాళ్ల బల్ల మీదే ఉంది. ఒంటరిగా వెళ్లినవాడికి తలనొప్పులు పెడతారు. మరి ఒంటరిగా ఎందుకు వెళ్లాలి? వీధంతా వెళ్లండి. గణపతి పందిరికి చందాలు పోగుచేయడానికి ఇరవైమంది కలిసి గడప గడపా తిరగలేదా? ఆ ఇరవైమందే మున్సిపల్ ఆఫీసుకు వెళితే ఎవరి ఫైలని ఆపుతారు?

చేయాల్సింది మీకు తెలియదనడానికీ వీల్లేదు. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయలు, ఒక తెల్ల కాగితం. కౌన్సిల్ ఎజెండా ఇవ్వండి, తీర్మానాల నకలు ఇవ్వండి, మా వీధి రోడ్డు కొలతల పుస్తకం ఇవ్వండి అని రాయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. కౌన్సిల్ సమావేశాలకు జనం రావచ్చా, మినిట్స్ జనానికి అందుతాయా అన్నది మీరు అడగకముందే ప్రకటించి ఉంచాలని ఆ చట్టం నాలుగో సెక్షనే చెబుతోంది. అంతేనా? జరుగుతున్న పనిని మీరు వెళ్లి తనిఖీ చేయవచ్చు. వాడుతున్న సరుకు నమూనా అధికారికంగా తీసుకోవచ్చు. సిమెంటులో ఇసుక ఎంత కలిపారో తేల్చుకునే హక్కు మీ చేతిలో పెట్టారు. చట్టం వచ్చి ఇరవై ఏళ్లయింది. మీ వీధిలో ఒక్క పిడికెడు నమూనా ఎవరైనా తీశారా?

లేదు. రోడ్డు వేస్తుంటే ఇంటిముందు ర్యాంపు కొంచెం ఎత్తుగా పోయమని మేస్త్రీకి వంద రూపాయలిచ్చారు.

ఆ వందతో మీ నోరు మీరే కుట్టుకున్నారు.

మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు ఎప్పుడైనా చూశారా? అద్దం పగిలి, బూజు పట్టి, సైకిళ్ల స్టాండు వెనక ఎక్కడో ఉంటుంది. దాని మీద కాగితాలు అంటిస్తారు. పన్ను పెంచబోతున్నాం. ఫలానా స్థలం లీజుకివ్వబోతున్నాం. ఫలానా చోట చెత్త యార్డు పెట్టబోతున్నాం. అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా తెలపండి. ఆ తేదీ వస్తుంది, పోతుంది. ఆ మర్నాడు ఫైల్లో ఒక వాక్యం రాస్తారు. ‘ప్రజల నుండి అభ్యంతరములు ఏవియూ అందలేదు.’ దాని కింద సంతకం. దాని కింద ముద్ర. ఆ ఫైలే ఎజెండాకు ఎక్కుతుంది. ఆ అంశానికే చేతులు లేస్తాయి.

మీ మౌనం మీ ఇంట్లో ఉండిపోతోందనుకుంటున్నారా? ఫైలెక్కుతోంది. మీరు ఒప్పుకున్నారని రాసుకుంటున్నారు. మీ పేరు మీద, మీ వీధి పేరు మీద, మెట్ల మీద కూర్చున్న ఆ పిల్లాడి పేరు మీద, మురుగు నీళ్లు తాగిన ఆనందపేట పేరు మీద.

ఆ వాక్యం రాసుకునే వీలు వాళ్లకు ఎవరిచ్చారు?

మీరిచ్చారు. ప్రతి నెలా ఇస్తున్నారు.

ఈ నెల ఇవ్వకండి. కాగితం తీయండి. అభ్యంతరం రాయండి. పక్కింటాయన చేత, ఎదురింటావిడ చేత సంతకాలు పెట్టించండి. ఆఫీసుకు వెళ్లండి. రేపు రమ్మంటారు, కదలకండి. సారు లేరంటారు, కూర్చోండి. మీ నకలు మీద ‘అందినది’ అని ముద్ర, తేదీ, సంతకం వేయించుకోకుండా ఆ మెట్లు దిగకండి.